రెండు వేల మైళ్లు తొక్కినా: 1897 నల్లజాతి సైనికుల సైకిల్ యాత్ర

ఒక పాత ఫోటో ఉంది. 1896లో తీసింది. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో వేడినీటి బుగ్గలు పారి పారి మెట్లు మెట్లుగా పేరుకున్న తెల్లటి సున్నపు దిబ్బ. దాని మీద యూనిఫాం వేసుకున్న నల్లజాతి సైనికులు సైకిళ్లతో నిలబడి ఉంటారు. కొన్నేళ్లుగా సైకిల్ చరిత్ర రాసేవాళ్లు ఈ ఫోటోను మురిపెంగా వేసుకుంటున్నారు. కింద రెండు ముక్కలు రాస్తారు: వీళ్లు ఆ మరుసటి ఏడాది సైకిళ్ల మీద దాదాపు రెండు వేల మైళ్లు పోయిన వీరులు అని. ఆ తర్వాత వాళ్లకేమైందో చాలామంది రాయరు. మనకు కావలసింది ఆ రాయని భాగమే.

ఎందుకు కావాలి? మనల్ని ఈ దేశంలో రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మీకు మెరిట్ ఉందా? ఉంటే నిరూపించుకోండి, తర్వాత చూద్దాం." 1990లో మండల్ సిఫార్సులు అమలు చేస్తామనగానే అగ్రకుల విద్యార్థులు నడిరోడ్డు మీద కూర్చొని బూట్లు పాలిష్ చేసి, చీపుళ్లు పట్టి ఊడ్చి నిరసన తెలిపారు. మెరిట్ ఉన్న మేము ఈ పనులు చేయాలా అని. ఈ పనులు తరతరాలుగా చేస్తున్నవాళ్లు మాత్రం ముందు తమను తాము నిరూపించుకోవాలట! సరే, నిరూపించుకుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు 1897లోనే ఒక జవాబు దొరికింది. ఇరవై మంది నల్ల సైనికులు తమ కాళ్లతో రాసిన జవాబు అది.

పటాలం కథ

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. బానిసత్వం చట్టప్రకారం పోయింది. యుద్ధంలో నల్లవాళ్లు పెద్ద సంఖ్యలో యూనియన్ పక్షాన పోరాడారు. దాంతో 1866లో అమెరికా కాంగ్రెస్ శాంతికాలపు సైన్యంలో కూడా నల్లవాళ్లకు పటాలాలు పెట్టింది. 1869 నాటికి అవి నాలుగుగా స్థిరపడ్డాయి: రెండు అశ్విక దళాలు (9, 10), రెండు పదాతి దళాలు (24, 25). సైనికులు నల్లవాళ్లు. ఆఫీసర్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. పటాలంలోనూ ఊరూ వాడా ఉన్నట్టే లెక్క.

ఈ పటాలాలను నగరాలకు దూరంగా పడమటి సరిహద్దుల్లో, ఎడారుల్లో, మంచు కొండల్లో పెట్టారు. 25వ పటాలం 1888లో మోంటానాకు వచ్చింది. అందులో కొన్ని కంపెనీలు మిజూలా కోటలో దిగాయి. అక్కడ వాళ్లతో చేయించిన పనులేమిటో కూడా చెప్పుకోవాలి. 1892లో పక్కనున్న ఐడహో రాష్ట్రంలో వెండి గని కార్మికులు పోరాడితే వాళ్ల మీదికి ఈ కంపెనీలను పంపారు. 1894 పుల్‌మన్ రైల్వే సమ్మెలో రైలు మార్గాలకు కాపలా పెట్టారు. ఆదివాసీల నేలను పట్టుకొని ఉంచడానికి కట్టిన కోటల్లోనే వీళ్లను కాపురం పెట్టారు. నిన్నటిదాకా బానిసలైన వాళ్ల చేతికి తుపాకి ఇచ్చి, భూమి పోగొట్టుకున్న వాళ్ల మీదికి, కూలి అడిగిన వాళ్ల మీదికి గురిపెట్టించారు. పీడితుల చేతుల్తో పీడితులను కొట్టించడం మనకు కొత్త సంగతి కాదు. ఈ చేదు నిజాన్ని దాచి వాళ్లను వట్టి వీరులుగా చూపితే అది చరిత్ర కాదు, భజన.

సైకిల్ ఎవరి ఆలోచన

1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక సైకిల్ రూపు మారిపోయింది. 1890లలో అమెరికాలో సైకిల్ పిచ్చి పట్టుకుంది. యూరప్ సైన్యాలు అప్పటికే సైకిళ్లు వాడి చూస్తున్నాయి. గుర్రానికి గడ్డి కావాలి, నీళ్లు కావాలి, జబ్బు చేస్తే వైద్యం కావాలి. సైకిల్‌కు ఇవేవీ అక్కర్లేదు. సైన్యాధిపతి జనరల్ నెల్సన్ మైల్స్‌కు ఈ ఆలోచన నచ్చింది.

25వ పటాలంలో జేమ్స్ మాస్ అనే కుర్ర లెఫ్టినెంట్ ఉన్నాడు. తెల్లవాడు. దక్షిణాదిలోని లూసియానా రాష్ట్రంవాడు. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో 1894లో చదువు ముగించాడు. ఆ ఏడాది తరగతిలో అందరికంటే చివరి ర్యాంకు అతనిది. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లు మంచి పోస్టింగులు కోరుకుంటే, నల్ల పటాలాలకు పోవడానికి ఇష్టపడేవాళ్లు తక్కువ. అట్లా తరగతిలో అట్టడుగున నిలిచినవాడు, తనకన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ సర్వీసు చేసిన సార్జంట్ల మీద అధికారి అయ్యాడు. మెరిట్ గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

సైకిళ్ల దళం పెట్టడానికి 1896లో మాస్ అనుమతి తెచ్చుకున్నాడు. స్పాల్డింగ్ అనే సైకిల్ కంపెనీ తన ఖర్చుతో సైకిళ్లిచ్చింది. కంపెనీకి ప్రచారం, సైన్యానికి ఉచిత ప్రయోగం, లెఫ్టినెంట్‌కు పేరు. తొక్కేది మాత్రం నల్ల సైనికుడు. ఆ ఆగస్టులో ఎనిమిది మంది సైనికులతో ముందు మెక్‌డొనాల్డ్ సరస్సు దాకా పోయి వచ్చారు, 126 మైళ్లు. తర్వాత ఎల్లోస్టోన్‌కు పోయి వచ్చారు, రానూ పోనూ దాదాపు 800 మైళ్లు. మొదట చెప్పిన ఫోటో ఆ ప్రయాణంలోదే.

నలభై ఒక్క రోజులు

1897 జూన్ 14 తెల్లవారుజామున మిజూలా కోట నుంచి పెద్ద ప్రయాణం మొదలైంది. గమ్యం మిసిసిపి నది ఒడ్డున ఉన్న సెయింట్ లూయిస్ నగరం. దూరం 1,900 మైళ్లు, అంటే మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు. ఇరవై మంది నల్ల సైనికులు. వాళ్లతో మాస్, సైన్యపు డాక్టరు జేమ్స్ కెనెడీ, మిజూలా పత్రిక తరఫున వార్తలు రాయడానికి ఎడ్వర్డ్ బూస్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు. ఈ ముగ్గురూ తెల్లవాళ్లు. సైకిళ్లు బాగుచేయడానికి జాన్ ఫిండ్లే అనే సైనికుడు ఉన్నాడు. సైన్యంలో చేరకముందు షికాగోలో సైకిల్ కార్ఖానాలో పని నేర్చినవాడు. సైనికులకు పెద్దదిక్కు సార్జంట్ మింగో శాండర్స్. వయసు ముప్పై తొమ్మిది. దక్షిణ కరోలినాలో పుట్టి 1881లో సైన్యంలో చేరినవాడు. ఈ పేరు గుర్తుంచుకోండి.

ఒట్టి సైకిల్ బరువే 32 పౌండ్లు. హ్యాండిల్‌కు దుప్పటి, గుడారం గుడ్డ చుట్టి కట్టారు. ఫ్రేము మధ్య ఖాళీలో తిండి సామాను పెట్టె. అన్నీ కట్టాక దాదాపు 59 పౌండ్లు, అంటే 27 కిలోలు. ఇది కాక వీపు మీద తుపాకి, నడుముకు తూటాల బెల్టు. దారిలో అక్కడక్కడా రైలు స్టేషన్లకు బ్రెడ్డు, పందిమాంసం, చిక్కుడు గింజల డబ్బాలు, కాఫీ, పంచదార ముందే పంపించారు. తదుపరి స్టేషన్ చేరేదాకా చేతిలో ఉన్న దాంతోనే సరిపెట్టుకోవాలి. చేరడం ఆలస్యమైతే పస్తు.

మొదటి రోజుల్లోనే వాన పట్టుకుంది. మోంటానాలో జిగట మట్టి. వానాకాలంలో నల్లరేగడి బాటల్లో సైకిల్ తొక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. బురద చక్రానికి చుట్టుకుంటుంది, ఫోర్కులో ఇరుక్కుంటుంది, పది అడుగులకోసారి దిగి పుల్లతో గీకాలి. తర్వాత మనం సైకిల్ మీద ఉండం, సైకిలే మన భుజం మీద ఉంటుంది. హెలెనా దగ్గర రాకీ కొండల నడినెత్తి దాటేటప్పుడు జూన్ నెలలో మంచు. చాలాచోట్ల రోడ్డే లేదు. రైలు పట్టాల మధ్యకు పోయి దుంగల మీద ఎగిరెగిరి పడుతూ తొక్కారు. బిల్లింగ్స్ దాటాక క్రో ఆదివాసీల రిజర్వేషన్ మీదుగా పోయారు. 1876లో ఆదివాసీ యోధులు జనరల్ కస్టర్ సేనను మట్టుబెట్టిన నేల కూడా దారిలోనే ఉంది.

అన్నిటికన్నా గడ్డు దారి నెబ్రాస్కా రాష్ట్రంలోని ఇసుక గుట్టలు. అలయన్స్ ఊరు దాటాక కనుచూపు మేర ఇసుకే. చక్రం కూరుకుపోతుంది. నీడలో 110 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. దొరికిన నీళ్లు ఉప్పదనం, చౌడు నీళ్లు. అవి తాగి చాలామందికి కడుపు నొప్పి, వాంతులు, జ్వరం. మాస్ కూడా జబ్బుపడ్డాడు. ఇసుకలో నడిపించుకుంటూ, పట్టాల మీద ఈడ్చుకుంటూ నాలుగైదు రోజుల్లో దాదాపు 170 మైళ్లు దాటారు.

జూలై 24 సాయంత్రం సెయింట్ లూయిస్ చేరారు. మొత్తం 41 రోజులు. అందులో ప్రయాణం చేసినవి 34. రోజుకు సగటున 56 మైళ్లు. ఊరి సైకిల్ రౌతులు ఎదురొచ్చి తీసుకెళ్లారు. ఫారెస్ట్ పార్కులో గుడారాలు వేస్తే వేలమంది చూడడానికి వచ్చారు. కాలినడక పటాలం కంటే, గుర్రాల పటాలం కంటే సగం కాలంలో, మూడో వంతు ఖర్చుతో వచ్చామని మాస్ రిపోర్టు రాసుకున్నాడు.

ఈ ప్రయాణం గురించి మనకు దొరికేది చాలావరకు ఆ తెల్ల ఆఫీసరు రిపోర్టులు, ఆ తెల్ల విలేఖరి వార్తలే. ఇసుకలో అడుగులేస్తూ ఆ ఇరవై మంది ఏమనుకున్నారు? రాత్రి గుడారంలో ఒకరితో ఒకరు ఏం చెప్పుకున్నారు? లెఫ్టినెంటు మాట విని నవ్వుకున్నారా, తిట్టుకున్నారా? తొక్కినవాడి నోటి మాట లేకుండా తొక్కినవాడి చరిత్ర రాయాల్సి వస్తున్నది. మన పల్లెల చరిత్ర రాయబోయినప్పుడల్లా మనకు ఎదురయ్యే గోడ కూడా ఇదే. కరణం లెక్కల్లో వెట్టివాడి గంటలుంటాయి, వెట్టివాడి మాట ఉండదు.

ఆ రోజుల చట్టం

వాళ్లు తొక్కిన కాలమేమిటో చూడండి. 1896 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు ప్లెసీ కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసు మొదలైంది లూసియానాలో, అంటే మాస్ సొంత రాష్ట్రంలో, రైలు పెట్టెలో. తెల్లవాళ్ల పెట్టెలో కూర్చున్న హోమర్ ప్లెసీని అరెస్టు చేశారు. వేరు వేరు పెట్టెలు పెట్టడం రాజ్యాంగ విరుద్ధం కాదని కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది ఈ సైనికులు రైలు పట్టాల వెంబడి సైకిళ్లు ఈడ్చుకుంటూ పోయారు. ఆ పట్టాల మీద నడిచే రైల్లో తమవాళ్లు ఎక్కడ కూర్చోవాలో అప్పటికే కోర్టు చెప్పేసింది.

సైకిల్ లోకం కూడా తక్కువ తినలేదు. దేశంలోనే పెద్దదైన సైకిల్ సంఘం లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ 1894లో తెల్లవాళ్లకే సభ్యత్వమని నియమం పెట్టుకుంది. ఆ నియమాన్ని లాంఛనంగా తీసేసింది 1999లో! సైకిల్ ఎక్కితే అందరూ ఒకటేనని పాట పాడేవాళ్లు దీన్ని గమనించాలి. యంత్రానికి కులం లేకపోవచ్చు. యంత్రం ఎవరి చేతిలో ఉండాలో, ఏ వీధిలో ఎక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పేవాడికి ఉంటుంది.

ఫలితం ఎవరికి

యాత్ర అయ్యాక సైనికులను రైలెక్కించి మిజూలా పంపారు. సైకిళ్లు కంపెనీకి తిరిగి పోయాయి. ఈసారి సాన్‌ఫ్రాన్సిస్కో పోతామని మాస్ అడిగితే సైన్యం ఒప్పుకోలేదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. ముందుగా పిలుపందుకున్న పటాలాల్లో 25వది ఒకటి. క్యూబాలో జూలై 1న ఎల్ కానే దగ్గర పోరాడారు. ఆ రోజుల్లోనే ఆకలితో ఉన్న థియోడర్ రూజ్‌వెల్ట్ దళానికి మింగో శాండర్స్ తన కంపెనీ గట్టి బిస్కెట్లు పంచిపెట్టాడు. తర్వాత ఫిలిప్పీన్స్‌లోనూ పనిచేశాడు.

1906లో పటాలంలోని మూడు కంపెనీలను టెక్సాస్ రాష్ట్రంలోని బ్రౌన్స్‌విల్‌కు పంపారు. నల్ల సైనికులు రావద్దని ఊరివాళ్లు ముందునుంచీ మొత్తుకుంటున్నారు. ఆగస్టు 13 అర్ధరాత్రి వీధుల్లో కాల్పులు జరిగాయి. సారా దుకాణంలో పనిచేసే ఒకతను చనిపోయాడు, ఒక పోలీసు గాయపడ్డాడు. సైనికులే చేశారని ఊరు చెప్పింది. మావాళ్లు బారకాసుల్లోనే ఉన్నారని కోటలోని తెల్ల ఆఫీసర్లే మొదట చెప్పారు. ఒక్కరి మీద కూడా కోర్టులో నేరం రుజువు చేయలేదు. అసలు విచారణే పెట్టలేదు. "చేసినవాళ్ల పేర్లు చెప్పండి" అన్నారు. తెలియదన్నారు. అంతే, నేరం ఒప్పుకోకపోవడమే నేరమైంది. అప్పటికి అధ్యక్షుడైన రూజ్‌వెల్ట్ 167 మందిని గౌరవం లేకుండా సైన్యం నుంచి తొలగించాడు. నల్లవాళ్ల ఓట్లు పోకుండా నవంబరు ఎన్నికలు అయ్యేదాకా ఆ ఉత్తర్వు బయటపెట్టలేదు.

ఆ 167 మందిలో ఫస్ట్ సార్జంట్ మింగో శాండర్స్ ఉన్నాడు. ఇరవై అయిదేళ్లు దాటిన సర్వీసు. పెన్షన్ చేతికందే దూరంలో ఉంది. రాకీ కొండలు దాటిన కాళ్లు, ఇసుక గుట్టలు దాటిన కాళ్లు, ఎల్ కానే ఎక్కిన కాళ్లు. ఏవీ లెక్కలోకి రాలేదు. తన బిస్కెట్ తిన్నవాడే తన బువ్వ తీశాడు. మేరీ చర్చ్ టెరెల్ అనే నల్లజాతి ఉద్యమకారిణి 1907లో అతని గురించి పత్రికలో రాసింది. సెనేటర్ ఫొరేకర్ పోరాడాడు. 1910లో పద్నాలుగు మందిని మాత్రం మళ్లీ చేర్చుకోవచ్చన్నారు. ఆ జాబితాలో శాండర్స్ లేడు. 1929లో చనిపోయాడు.

సైన్యం తన తప్పు ఒప్పుకున్నది 1972లో. అరవై ఆరేళ్లు. అప్పటికి బతికి ఉన్న ఒకరిద్దరిలో డార్సీ విల్లిస్ ఒకడు. తొలగించాక మినియాపోలిస్ నగరంలో ఒక క్షౌరశాలలో బూట్లు పాలిష్ చేస్తూ దాదాపు జీవితమంతా గడిపాడు. ప్రభుత్వం అతనికి 25,000 డాలర్లు ఇచ్చింది. 1990లో మన వీధుల్లో బూట్లు పాలిష్ చేసి ఫోటోలు దిగిన మెరిట్ బిడ్డలు సాయంత్రానికి ఇంటికి పోయారు. విల్లిస్ ఆ పనిలో అరవై ఏళ్లు ఉన్నాడు.

మరి తరగతిలో చివరివాడు మాస్? సైనిక మాన్యువల్ పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో మళ్లీ ఒక నల్ల పటాలానికే అధికారి. కల్నల్ అయ్యాడు. అతన్ని దుర్మార్గుడని నేననడం లేదు. తన సైనికుల ఓర్పును మెచ్చుకుంటూనే రాశాడు. కానీ మెప్పు వేరు, హక్కు వేరు. పాలేరు బాగా పనిచేస్తాడని మెచ్చుకోని ఆసామి ఎవడు?

మన వైపు చూస్తే

సరిగ్గా అదే కాలంలో ఈ దేశంలో ఏం జరిగిందో గుర్తుచేసుకుందాం. 1818 కోరేగాం నుంచి బ్రిటిష్ సైన్యంలో మహర్లు తమను తాము నిరూపించుకుంటూనే వచ్చారు. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సుబేదారు. 1890ల మొదట్లో "వీర జాతుల" సిద్ధాంతం పట్టుకొని బ్రిటిష్‌వాళ్లు మహర్ల భర్తీ ఆపేశారు. పాత సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ మా తాతలు మీకోసం పోరాడారు కదా అని 1894లో విజ్ఞప్తి రాశాడు. జవాబు లేదు. సముద్రానికి అటూ ఇటూ ఒకటే కథ. పరీక్ష పెట్టేది వాళ్లు, మార్కులు వేసేది వాళ్లు, పాసైనవాడిని ఇంటికి పంపేదీ వాళ్లే. కాబట్టి నిరూపణ అనేది తలుపు కాదు. తలుపు ముందు పెట్టిన వరస.

దీనర్థం వాళ్ల చెమట వృథా అని కాదు. ఆ చరిత్రను మళ్లీ తవ్వి తీసినవాళ్లెవరో చూడండి. నల్లజాతి పోరాటాల వల్ల విశ్వవిద్యాలయాల్లో బ్లాక్ స్టడీస్ విభాగాలు వచ్చాయి. 1974లో మోంటానా విశ్వవిద్యాలయం బ్లాక్ స్టడీస్ బృందం సైకిళ్లెక్కి అదే దారిలో మిజూలా నుంచి సెయింట్ లూయిస్ దాకా పోయింది. ఈసారి ముందు లెఫ్టినెంట్ లేడు.

మన దగ్గర కూడా అట్లాంటి ప్రయాణం ఒకటి జరిగింది. 1983 మార్చి 15న కాన్షీరాం ఢిల్లీలో సైకిలెక్కాడు. వెంట డి.ఎస్.-4 కార్యకర్తలు వందమంది. ఏడు రాష్ట్రాలు తిరిగారు. రెండు కాళ్ల, రెండు చక్రాల మహిమ అని దానికి పేరు పెట్టుకున్నారు. కంపెనీ సైకిళ్లివ్వలేదు, సర్కారు తిండి పంపలేదు. వాడలే అన్నం పెట్టాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ 14న బహుజన్ సమాజ్ పార్టీ పుట్టింది. అదే 1983 జనవరిలో మన రాష్ట్రంలో సైకిల్ గుర్తు మీద ఒక పార్టీ గద్దెనెక్కింది. ఆ సైకిల్ మీద కూర్చున్నది ఎవరో, వెనక పరుగెత్తింది ఎవరో 1985లో కారంచేడు చెప్పింది.

సైకిల్ మనకు ఆట వస్తువు కాదు. చెప్పులు చేత పట్టుకున్నట్టే అగ్రకులాల వీధిలో సైకిల్ దిగి నడిపించుకుపోయిన తండ్రులు మనకున్నారు. దిగకుండా తొక్కినందుకు దెబ్బలు తిన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ రిపోర్టులోనూ ఉండవు. విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు ఈ పని చేయాలి: మీ మీ వాడల్లో మొదటి సైకిల్ ఎవరు కొన్నారో, ఏ వీధిలో దిగమన్నారో, దిగారో లేదో అడిగి, చెప్పినవాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి. మింగో శాండర్స్‌ను ఇసుక గుట్టల్లో ఎవరూ అడగలేదు. మనవాళ్లను అడిగే టైము మనకింకా ఉంది.